ముద్దకు తగిన గుక్క

భోజనంతో తాగే పానీయం అసలు పని రెండు ముద్దల మధ్య ఉంటుంది. ముద్ద మింగాక నోట్లో ఏదో ఒకటి మిగిలిపోతుంది: నెయ్యి జిడ్డో, ఉప్పో, మసాలా ఘాటో, కారం మంటో. ఆ మిగిలినదాన్ని గుక్క తుడిచేస్తే తరవాతి ముద్ద మళ్లీ మొదటి ముద్దంత రుచిగా తగులుతుంది. తుడవకపోతే నాలుగైదు ముద్దలకే నాలుక మొద్దుబారుతుంది. ఏ వంటకానికి ఏ వైన్, ఏ బీరు, ఏ తేనీరు అన్న ప్రశ్నకు తరతరాల వంటిళ్లు చెప్పుకొచ్చిన జవాబులన్నీ ఈ చిన్న పని చుట్టూ తిరిగేవే. కాబట్టి సీసా మీది పేరూ, దాని ధరా తరవాతి సంగతి. ముందు చూడవలసింది పళ్లెం. అందులో గట్టిగా పలికే రుచి ఏది, అది నోటిని ఏం చేస్తోంది, దానికి విరుగుడు ఏమిటి? ఇవి తేలితే పానీయం సగం దొరికినట్టే.

అందరి నోటా వినబడే సూత్రం రంగుకు సంబంధించినది. చేపకూ కోడికీ వైట్ వైన్, వేట మాంసానికీ గొడ్డు మాంసానికీ రెడ్ వైన్. ఈ సూత్రం తప్పు కాదు కానీ, కారణం రంగులో లేదు. కొన్ని రెడ్ వైన్‌లతో చేప తింటే నోట్లో నీచు వాసన ఎందుకు లేస్తుందో 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఎండబెట్టిన స్కాలప్ చిప్పల మాంసాన్ని రకరకాల వైన్‌లతో రుచి చూపించినప్పుడు, వైన్‌లో ఇనుము ఎక్కువైనకొద్దీ నీచు పెరిగింది. ఇనుమును బంధించే పదార్థాన్ని వైన్‌లో కలిపితే ఆ నీచు తగ్గింది. చేపలోని కొవ్వుతో ఇనుము కలిసినప్పుడు ఆ వాసన పుడుతుందన్నమాట. రెడ్ వైన్‌లలో ఇనుము తరచుగా ఎక్కువ కాబట్టి పాత సూత్రం చాలాసార్లు నెగ్గింది. ఇనుము తక్కువగా ఉండే రెడ్ వైన్ చేపతో హాయిగానే నడుస్తుంది. బుర్గుండీ ప్రాంతపు పినో న్వార్ లాంటి తేలికపాటి వైన్‌ను సాల్మన్ చేపతో వడ్డించడం ఇప్పుడు వింతేమీ కాదు.

సముద్రం మీద బతికే జపాన్ ఈ చిక్కును ఎప్పుడో మరో దారిలో దాటింది. అక్కడి బియ్యపు మద్యం సాకేను కాచేవాళ్లకు ఇనుము పెద్ద శత్రువు. నీటిలో అది కాస్త ఉన్నా సాకే రంగు మారుతుంది, రుచి చెడుతుంది. కోబే దగ్గరి నాదా ప్రాంతం సాకేకు పేరు పడడానికి ఒక ముఖ్యకారణం నిషినోమియా బావుల్లోని ‘మియామిజు’ అనే నీరు. ఆ నీటిలో ఇనుము అతి తక్కువ. దాని గొప్పతనాన్ని 1840లో యామామురా తాజాఎమోన్ అనే సాకే తయారీదారు గుర్తించాడని అక్కడి చరిత్ర చెబుతుంది. ఇనుము లేని నీళ్లు, పులుపు తక్కువ, బియ్యపు కమ్మదనం. పచ్చి చేపకు ఇంతకన్నా సాధువైన తోడు వెతకడం కష్టం.

రెడ్ వైన్ మాంసంతో కుదరడానికి కారణం వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో, తొడిమల్లో టానిన్లు ఉంటాయి. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపే పులియబెడతారు కాబట్టి అవి అందులోకి దిగుతాయి. వైట్ వైన్‌కు రసాన్ని ముందే తొక్కల నుంచి వేరు చేస్తారు కాబట్టి దిగవు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు అయ్యేది ఈ జాతి పదార్థాల వల్లే. లాలాజలంలోని ప్రోటీన్లను టానిన్లు పట్టుకుని గడ్డకట్టిస్తాయి. దాంతో నోటి జారుడుతనం పోయి లోపలంతా గరుకుగా తోస్తుంది. నోట్లో మాంసం ముక్క ఉంటే కథ మారుతుంది. టానిన్లకు పట్టుకోవడానికి మాంసపు ప్రోటీన్లు దొరుకుతాయి, కొవ్వు నాలుకకు పూతలా నిలుస్తుంది, వైన్ మెత్తబడుతుంది. అటు వగరేమో కొవ్వు జిడ్డును తుడుస్తుంది. ఒకదాని దోషాన్ని మరొకటి దిద్దే జోడీ ఇది. ఫ్రాన్సులోని పొయాక్‌లో కబర్నే సావిన్యోన్ ద్రాక్షతో చేసే వగరు వైన్‌కూ, అదే ఊరి పేరు మీద అమ్మే లేత గొర్రె మాంసానికీ కుదిరిన స్నేహం ఇలాంటిదే. ఫ్లారెన్సు నగరంలో బొగ్గుల మీద కాల్చే మందపాటి ఎముక మాంసానికీ కియాంతి వైన్‌కూ ఉన్న బంధమూ అంతే.

వగరుకూ ప్రోటీన్‌కూ ఉన్న ఇదే లెక్క హైదరాబాదు హోటళ్లలో రోజూ నడుస్తోంది. తేయాకును ఎంతోసేపు మరిగిస్తే దిగే వగరు డికాక్షన్ ఒట్టిగా తాగలేనిది. చిక్కగా కాగిన పాలు పడేసరికి పాలలోని కేసీన్ ఆ వగరును పట్టేసుకుంటుంది. ఇరానీ చాయ్ అలా నునుపెక్కుతుంది. పక్కన తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్ ఉంటుంది. ఆ కాస్త ఉప్పు వల్ల కలిగే మేలు ఎవరి ఊహో కాదు. ఉప్పు చేదును అణచి మిగతా రుచులను పైకి తెస్తుందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో పనిచేసిన పాల్ బ్రెస్లిన్, గేరీ బోషాం 1997లో చూపించారు. బిస్కెట్ కొరికి చాయ్ తాగేవారికి ఆ సంగతి పరిశోధనతో పని లేకుండానే తెలుసు.

వగరుకన్నా పెద్ద సంగతి పులుపు. వైన్‌ను భోజనానికి పనికొచ్చే పానీయంగా నిలబెట్టింది అదే. ఫ్రాన్సు అట్లాంటిక్ తీరాన నాంట్ దగ్గర దొరికే మస్కడే వైన్‌ను ఒట్టిగా తాగితే సన్నగా, పదునుగా, కొంత బీదగా అనిపిస్తుంది. పచ్చి ఆల్చిప్పల మాంసంతో తాగితే నిమ్మరసం పిండినంత పని చేస్తుంది. షాబ్లీ వైన్ సంగతీ అలాంటిదే. ఆ తోటల కింది నేలలో కోట్ల ఏళ్ల నాటి చిన్న ఆల్చిప్పల శిలాజాలు కనిపిస్తాయి. అందుకే ఆ రెంటికీ పొత్తు కుదిరిందని అక్కడ ముచ్చటగా చెబుతారు. నేలలోని చిప్ప సీసాలోకి రుచిగా రాదు. చల్లని ప్రాంతంలో పండిన షార్డొనే ద్రాక్షకు పులుపు ఎక్కువ, అంతే. అయినా ఆ కథను వదులుకోవాలని ఎవరికీ అనిపించదు.

పులుపు విషయంలో ఎప్పుడూ తప్పని నియమం ఒకటుంది: పానీయపు పులుపు వంటకపు పులుపుకు తగ్గకూడదు. తగ్గితే వైన్ చప్పబడి నీళ్లలా తోస్తుంది. ఇటలీ వంటలో టమాటా ఆధిపత్యం ఇందుకు మంచి ఉదాహరణ. టమాటా అమెరికా ఖండం నుంచి యూరప్‌కు వచ్చింది 16వ శతాబ్దంలోనే. ఇటలీ ద్రాక్ష దానికన్నా ఎంతో పాతది. అయినా టస్కనీలో పండే సాంజొవేసే ద్రాక్షకు సహజంగా పులుపు ఎక్కువ కావడంతో కొత్తగా వచ్చిన టమాటాను కాదనకుండా కలుపుకుంది. అదే టమాటా పాస్తాను ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతంలో బాగా ముగ్గిన, పులుపు తగ్గిన రెడ్ వైన్‌తో తింటే వైన్ బరువుగా, మందంగా తోస్తుంది. వెనిగర్ ఎక్కువైన సలాడ్లు చాలా వైన్‌లను చంపేసేదీ ఇందుకే.

కోడి, చేప, మేక అన్న పేర్లకన్నా వాటికి పట్టిన పులుసూ మసాలా ముఖ్యమని దీన్ని బట్టి తెలుస్తుంది. నిమ్మకాయతో వండిన కోడి వైట్ వైన్ కోరుతుంది. రెడ్ వైన్‌లోనే ఉడికించే ఫ్రెంచి వాళ్ల కోకోవాన్ కూడా కోడి కూరే. దానికి తగినది బుర్గుండీ రెడ్ వైన్. హోటల్లో మెనూ చూసి వైన్ ఎంచేవారు వంటకం పేరులోని జంతువును చదివి ఆగిపోతారు. దాని తరవాతి మాటను చదవడం మేలు.

తీపితో వ్యవహారం కటువైనది. పానీయం మిఠాయికన్నా తియ్యగా ఉండాలి, లేకపోతే అది పుల్లగా, చేదుగా మారుతుంది. పెళ్లి కేకుతో బ్రూట్ షాంపేన్ పోసే ఆచారం ప్రపంచమంతా పాకింది, అమెరికాలో జరిగే తెలుగు పెళ్లిళ్ల దాకా వచ్చింది. రుచి దృష్టితో చూస్తే అది అన్యాయం. బ్రూట్ షాంపేన్‌లో లీటరుకు 12 గ్రాముల లోపే చక్కెర ఉంటుంది. క్రీము నిండిన కేకు పక్కన అది నిమ్మతొక్కలా తోస్తుంది. దానికి నప్పేది వేపుళ్లు, ఉప్పు చిప్స్, వేయించిన రొయ్యలు. బుడగలూ పులుపూ కలిసి నూనెను అంత శుభ్రంగా తుడిచే పానీయం మరొకటి లేదు. కేకు కోసమైతే ఇటలీ పియెమోంతే ప్రాంతపు మోస్కాతో దాస్తి ఉంది. తియ్యగా, బుడగలు లేతగా, ఆల్కహాల్ సుమారు 5 శాతంగా ఉంటుంది.

తీపి పానీయం తీపి వంటకానికే పరిమితం కాదనడానికి గొప్ప సాక్ష్యం సొతెర్న్ వైన్, రోక్‌ఫోర్ జున్నుల జంట. సిరోన్ అనే చిన్న ఏరు గరోన్ నదిలో కలిసేచోట శరత్కాలపు ఉదయాల్లో పొగమంచు కమ్ముతుంది. ఆ తేమలో బొట్రైటిస్ అనే బూజు ద్రాక్ష మీద పెరిగి పండులోని నీటిని లాగేస్తుంది. మిగిలేది తేనెలాంటి రసం. అటు రోక్‌ఫోర్ కొండ గుహల్లో గొర్రెపాల జున్నుకు మరో బూజు పట్టి, ఉప్పు, ఘాటు నిండుతాయి. రెండు బూజుల పంట ఒకచోట చేరితే ఉప్పు తీపిని వెలిగిస్తుంది, తీపి ఉప్పును ఓదారుస్తుంది. యూరప్ భోజనశాస్త్రంలో ఇంతకు మించిన జత ఉందని నమ్మడం కష్టం. ఉప్పుకు మరో మంచి తోడు దక్షిణ స్పెయిన్ ఫీనో షెర్రీ. పీపాలో వైన్ పైన తెట్టులా పెరిగే ఈస్టు పొర కింద అది పెరుగుతుంది. తీపి బొత్తిగా ఉండదు, బాదంపప్పు వాసన వేస్తుంది. ఆలివ్ కాయలు, ఎండబెట్టిన హామ్ ముక్కలు, వేయించిన బాదం పప్పులు దానికి బంధువులు.

పాత జతల్లో చాలావాటిని శాస్త్రమేమీ కుదర్చలేదు, పొరుగు కుదిర్చింది. సాన్సేర్ వైన్ పండే కొండల్లోనే షవిన్యోల్ గ్రామపు మేకపాల జున్ను తయారవుతుంది. పొరుగు పంటలు కలిసి పెరిగినప్పుడు తరాల తరబడి జనం రెంటినీ ఒకే బల్ల మీద తిని, నప్పనివాటిని మానేసి, నప్పినవాటిని నిలబెట్టుకున్నారు.

ఒక్కో వంటకానికి ఒక్కో వైన్ అన్న పద్ధతి మాత్రం అంత పాతది కాదు. పాత ఫ్రెంచి విందుల్లో పెక్కు వంటకాలు ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి వచ్చి, వంటకాలు ఒకదాని తరవాత ఒకటి రావడం మొదలయ్యాకే ఒక్కో అంకానికి ఒక్కో గ్లాసు సాధ్యమైంది. వరస ఎలా ఉండాలో బ్రియా-సవరాన్ 1825లో వచ్చిన తన రుచిశాస్త్ర గ్రంథంలోనే చెప్పాడు: తేలిక నుంచి ఘాటుకూ సువాసనకూ పోవాలని. ఆ వరస ఇప్పటికీ మారలేదు. బలమైనది ముందు తాగితే తరవాత వచ్చే సున్నితమైనది నాలుకకు అందదు.

చల్లదనం గురించి ఒక్క మాట. రెడ్ వైన్‌ను గది వేడిలో ఇవ్వాలన్న నియమం 16, 18 డిగ్రీలుండే పాతకాలపు యూరప్ ఇళ్లలో పుట్టింది. విజయవాడ వేసవిలో గది వేడి అంటే ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు కొట్టడమే. అక్కడ రెడ్ వైన్ సీసాను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి తీయాలి.

ఇంతవరకూ చెప్పిన సూత్రాలు తెలుగువారి పళ్లెం ముందు తలకిందులవుతాయి. మొదటి కారణం కారం. మిరపలోని కాప్సైసిన్ నోట్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని మేల్కొల్పుతుంది. అసలు అది వేడిని పసిగట్టే గ్రాహకం. దాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. మామూలుగా సుమారు 42 డిగ్రీల దగ్గర స్పందించవలసిన గ్రాహకం ఆల్కహాల్ తగిలితే సుమారు 34 డిగ్రీలకే స్పందిస్తుందని 2002లో తేలింది. అంటే ఒంటి వేడే చాలు మండడానికి. కాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కాబట్టి వైన్ మంటను కడిగేస్తుందని కొందరు వాదిస్తారు. వైన్‌లో ఉండే 13 శాతం ఆల్కహాల్‌కు అంత శక్తి లేదు. మంట పెంచే శక్తి మాత్రం ఉంది. టానిన్ల గరుకు దానికి తోడైతే గుంటూరు మిరపతో చేసిన కోడి వేపుడూ ఖరీదైన బోర్దో రెడ్ వైనూ రెండూ పాడవుతాయి.

రెండో కారణం చింతపండు. చింతపండులోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ, వైన్‌లోనూ ముఖ్యమైనది అదే. యూరప్ వాడు జిడ్డు మాంసం తిని, దాన్ని కోయడానికి కావలసిన పులుపును గ్లాసులో తెచ్చుకుంటాడు. తెలుగు వంటలో ఆ పులుపు ముందే కుండలోకి చేరింది. పప్పూ నెయ్యీ కలిపిన జిడ్డును పులుసు కోస్తుంది, పులుసు బరువును చారు తేలిక చేస్తుంది, చివరి మంటను పెరుగో మజ్జిగో ఆర్పుతుంది. వేరే బల్లల మీద గ్లాసుల్లో వరసగా వచ్చే పని ఇక్కడ విస్తరిలోనే, అన్నంలో కలిసి జరిగిపోతుంది. తెలుగు భోజనానికి వైన్ సంప్రదాయం లేకపోవడం లోటని అనుకునేవారు చారును లెక్కలోకి తీసుకోవడం లేదు.

అయినా నెల్లూరు చేపల పులుసుతో ఒక గ్లాసు వైన్ కావాలనుకునేవారికి దారి ఉంది. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ ద్రాక్ష నుంచి వచ్చే కాబినెట్ రకం వైన్‌లలో తరచుగా 8, 9 శాతం ఆల్కహాలే ఉంటుంది. పులుపు పదునుగా ఉంటుంది, దానికి సరిపడా తీపీ ఉంటుంది. పులుసు పులుపుకు దీటుగా నిలుస్తుంది, మంటను రెచ్చగొట్టదు. దగ్గరలో దొరికేదంటే నాసిక్ ప్రాంతంలో చేసే చెనిన్ బ్లాంక్ వైన్‌లలో కొంచెం తీపి మిగిల్చినవి. గోంగూర మాంసం మాత్రం దేనికీ లొంగదు. దానితో మంచినీళ్లే మర్యాద.

హైదరాబాదీ బిర్యానీలో చింతపండు పులుపు లేదు, నెయ్యీ సుగంధాలూ ఎక్కువ. కాబట్టి అది వైన్‌కు పులుసుకన్నా అనుకూలం. వగరు తక్కువగా ఉండే బోజొలే వైన్‌ను కాస్త చల్లబరిచి పోస్తే యాలకుల, కుంకుమపువ్వు పరిమళాలు చెడవు. పక్కన చింతపండు, పల్లీలు, నువ్వులతో చేసే మిర్చీ కా సాలన్ పోసుకుంటే ఆ లెక్క మళ్లీ మారుతుంది. బిర్యానీతో జనం తమంతట తాము ఎంచుకున్నది థమ్స్ అప్. కోకకోలా దేశం విడిచి వెళ్లిన 1977లోనే వచ్చిన ఈ పానీయానికి చక్కెర ఉంది, ఆమ్లం ఉంది, చల్లదనం ఉంది. చక్కెర కారాన్ని తగ్గిస్తుంది, ఆమ్లం నెయ్యిని కోస్తుంది. బుడగలు మాత్రం నోట్లో చురుక్కుమంటూ మంటకు తోడవుతాయి. పక్కన రైతా ఉండవలసింది అందుకే.

తెలంగాణ పల్లెల్లో ఇదే సమస్యకు కల్లు జవాబు చెప్పింది. పొద్దున్నే చెట్టు నుంచి దించిన ఈత కల్లు తియ్యగా, లేత పులుపుతో, సన్నని నురగతో ఉంటుంది, ఆల్కహాల్ తక్కువ. మోజెల్ రీస్లింగ్‌కు ఉన్న గుణాలన్నీ ఉన్నాయి. ఉప్పూ కారం పట్టించి వేయించిన గుడాలు, చేప వేపుడు, బోటీ కూర దాని పక్కన కుదిరాయంటే కారణం ఇదే. మధ్యాహ్నం దాటేకొద్దీ అది పులిసి ఘాటెక్కుతుంది, ఆ జోడీ సడలుతుంది. కల్లు తాగేవారు వేళ చూసుకునేది మత్తు కోసమే కాదు, రుచి కోసం కూడా.

కారానికి అన్నిటికన్నా మంచి విరుగుడు పాలలో ఉంది. 2019లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మంట పుట్టించే పానీయం తాగించి, తరవాత పాలు, సోడా నీళ్లు, కోలా, ఆల్కహాల్ లేని బీరు, తీపి పండ్లరుచి పానీయం ఇచ్చి చూశారు. అన్నిటికన్నా బాగా పనిచేసినవి పాలూ, ఆ తీపి పానీయమూ. వెన్న తీసిన పాలు కూడా వెన్న ఉన్న పాలంత బాగానే పనిచేశాయి కాబట్టి మేలు చేసేది కొవ్వు కాదు, ప్రోటీన్ అయి ఉండాలని వారు భావించారు. వెన్న తీసిన మజ్జిగలో ఉన్నదీ ఆ ప్రోటీనే. దానికి ఉప్పూ, చల్లదనమూ తోడు. తీపి పక్షానికి శ్రీరామనవమి పానకం ఉంది. నానబెట్టిన పెసరపప్పు చప్పదనానికి బెల్లం తీపీ మిరియాల ఘాటూ తోడు చేసి, వడపప్పునూ పానకాన్నీ ఒకే ప్రసాదంగా పంచడం జత కుదర్చడంలో ఆరితేరిన పని.

మద్యం తాగనివారికి ఈ విద్యతో పని లేదనుకోవడం పొరపాటు. చైనాలోని గువాంగ్‌డాంగ్‌లో ఆవిరి మీద ఉడికిన డిమ్‌సమ్‌తో పూర్ తేనీరు తాగేది దాని మట్టి వాసన, వగరు పంది కొవ్వును తుడుస్తాయనే. సుషీ కొట్లలో వేడి గ్రీన్ టీ ఇచ్చేది ఒక చేప రుచి మరో చేపకు అంటకుండా. కోపెన్‌హాగన్‌లోని నోమా రెస్టారెంట్ వైన్‌లకు బదులుగా పండ్లు, ఆకుల రసాలతో ఒక్కో వంటకానికీ జత కూర్చింది. వైన్ చేసే పనులన్నీ పులుపు, వగరు, తీపి, బుడగలు, చల్లదనం చేసేవే. వాటిలో దేనికీ ఆల్కహాల్ అవసరం లేదు.

మిగిలింది కాఫీ. దాని చేదు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది, తరవాత వచ్చే దేన్నీ తలెత్తనివ్వదు. ఇటలీవాళ్లు ఎస్‌ప్రెస్సోను తీపి వంటకం కూడా ముగిశాక, పాలు కలపకుండా తాగుతారు. భోజనమయ్యాక పాల కాపుచినో అడిగినవారిని వింతగా చూస్తారు. తెలుగు ఇళ్లలో పెరుగన్నం తిన్న నోటికి వెంటనే ఫిల్టర్ కాఫీ నప్పదు, పెరుగు పులుపు పాల తీపిని విరిచేస్తుంది. బొబ్బట్టుతోనో బూరెతోనో అయితే నప్పుతుంది. అందుకని పండగ నాడు ఒక బూరెను విస్తరిలో తినకుండా దాచుకుని, సాయంత్రం చిక్కటి డికాక్షన్ కాఫీతో తినడం మేలు. నేతి జిడ్డూ బెల్లం తీపీ ఉన్న పూర్ణానికి ఆ చేదు సరిగ్గా సరిపోతుంది.